చిహ్నము ఎవరి కొరకు? ఎర్ర సిలువ గుర్తులో వచ్చిన మార్పుల చరిత్ర, క్రైస్తవ సేవా సంస్థలకు పాఠములు

ఉపోద్ఘాతము

2009 అక్టోబరులో కృష్ణానదికి పెద్ద వరదలు వచ్చిన తరువాత, నేను కార్యవర్గ సభ్యునిగా ఉన్న ఒక చిన్న క్రైస్తవ సహాయ సంస్థలో లోగో మార్పు గురించి వివాదము లేచింది. తెల్లని వలయములో ఎర్రని సిలువ, దాని కింద చాచిన రెండు చేతులు, ఇది మా పాత గుర్తు. బియ్యము, దుప్పట్లు తీసుకొని వెళ్లిన మా వ్యాను మీద కూడా అదే ఉన్నది. ఒక ఊరిలో ఒక వృద్ధురాలు వ్యాను దగ్గరకు వచ్చి ఆ గుర్తు వైపు చూసి, "ఈ బియ్యం తీసుకుంటే మేము మీలో కలవాలా నాయనా?" అని అడిగింది. అవసరము లేదని మావారు చెప్పారు. ఆమెకు నమ్మకము కుదరలేదు. ఖాళీ సంచితోనే తిరిగి వెళ్లిపోయింది.

యువ సభ్యులు ఈ సంగతిని కార్యవర్గములో వివరించి, గుర్తును మార్చాలని కోరారు. పెద్దలు ఒప్పుకోలేదు. సిలువను తీసివేయడమంటే, పేతురు నిప్పు దగ్గర నిలిచి ప్రభువును ఎరుగనని బొంకినట్టే అన్నారు. నేను కూడా పెద్దల పక్షముననే మాట్లాడాను, గట్టిగానే మాట్లాడాను. తీర్మానము వాయిదా పడింది. వరద పనిలో అందరికంటె ఎక్కువ కష్టపడిన ఇద్దరు యువకులు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు.

ఆ తరువాత నా మాటలకు ఆధారము వెదకుకొనే ఉద్దేశముతోనే రెడ్ క్రాస్ చరిత్ర చదవడము మొదలుపెట్టాను. సిలువ గుర్తును గురించి ప్రపంచములోని ఒక గొప్ప సేవా సంస్థ దాదాపు 140 సంవత్సరములు తర్జనభర్జన పడిందని అప్పుడే తెలిసింది. నేను వెదకిన ఆధారము మాత్రము దొరకలేదు. ఆ చరిత్రను క్లుప్తముగా వివరించి, సేవా సంస్థల గుర్తుల విషయములో సంఘ కాపరులు ఆలోచించవలసిన కొన్ని సంగతులను మనవి చేయడము ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. గుర్తు పుట్టిన సందర్భము

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఫ్రాన్సు, సార్డీనియా సైన్యములు ఒకవైపు, ఆస్ట్రియా సైన్యము మరొకవైపు పోరాడాయి. ఒక్క దినములోనే సుమారు 40,000 మంది చనిపోయారు లేక గాయపడ్డారు. వ్యాపారపు పనిమీద ఆ ప్రాంతమునకు వచ్చిన జెనీవా వాసి హెన్రీ డ్యునాంట్ ఆ దృశ్యము చూచి చలించిపోయాడు. దగ్గరలోని కాస్టిలియోనె పట్టణములో స్త్రీలు ఏ దేశపు సైనికుడని అడగకుండ అందరికీ పరిచర్య చేయగా, అతడు వారితో కలిసి పనిచేశాడు. 1862లో ఆ అనుభవమును పుస్తకముగా ప్రచురించాడు. డ్యునాంట్ జెనీవాలోని ఉజ్జీవ క్రైస్తవ వాతావరణములో పెరిగినవాడు, 1852లో అక్కడి వై.ఎమ్.సి.ఏ. స్థాపకులలో ఒకడు. ఈ సేవ వెనుక సువార్త ప్రేరణ ఉన్నదనడములో సందేహము లేదు.

అప్పటికి యుద్ధభూమిలో వైద్య సేవకు ఉమ్మడి గుర్తు అంటూ లేదు. ఆస్ట్రియా సైన్యము ఆసుపత్రి మీద తెల్ల జెండా, ఫ్రాన్సు ఎర్ర జెండా, స్పెయిన్ పసుపు జెండా ఎగురవేసేవి. ఎవరి జెండా వారి సైనికులకే తెలుసు. ఎదుటివారికి అది మరొక జెండా మాత్రమే. కాబట్టి గాయపడినవారిని మోసికొని పోయే బండ్లమీద కూడా కాల్పులు జరిగేవి. దూరము నుండి చూడగానే తుపాకి దించేలా చేసే ఒకే గుర్తు కావాలన్నదే అప్పటి అవసరము.

1863 ఫిబ్రవరి 17న జెనీవాలో ఐదుగురు సభ్యుల కమిటీ మొదటిసారి కూడుకున్నది. డ్యునాంట్, న్యాయవాది గుస్తావ్ మొయినియె, జనరల్ డ్యూఫూర్, వైద్యులు లూయీ అప్పియా, తియొడోర్ మొన్వార్ అందులో సభ్యులు. అదే సంవత్సరము అక్టోబరులో జరిగిన అంతర్జాతీయ సమావేశములో చేతికి తెల్లని పట్టీ కట్టుకోవాలని అప్పియా ప్రతిపాదించాడు. చర్చ తరువాత ఆ పట్టీ మీద ఎర్ర సిలువ చేర్చబడింది. 1864 ఆగస్టు 22న 12 రాజ్యములు సంతకము చేసిన మొదటి జెనీవా ఒడంబడికలోని 7వ ప్రకరణము తెల్లని నేలమీద ఎర్ర సిలువను అందరి గుర్తుగా స్థిరపరచింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. సిలువను ఎందుకు ఎన్నుకున్నారో 1863 సమావేశపు నివేదిక చెప్పదు. స్విట్జర్లాండు మీద గౌరవముతో ఆ దేశపు జెండా రంగులను తారుమారు చేసి ఈ గుర్తును ఏర్పరచారన్న వివరణ 1906 ఒడంబడికలోని 18వ ప్రకరణములో వ్రాయబడింది. అంటే గుర్తు పుట్టిన 40 సంవత్సరముల తరువాత! ఈ వివరణ అబద్ధమని నేను అనను. కాని అప్పటికి ఆ గుర్తుమీద ప్రశ్నలు లేచి చాలా కాలమయింది. 1864లో సంతకము చేసిన 12 రాజ్యములూ యూరప్ ఖండములోనివే. సిలువను చూచి భయపడగలవాడు ఆ గదిలో ఒక్కడు కూడా లేడు. కాబట్టి ఎవరును ఆ ప్రశ్న అడగలేదు.

2. మొదటి మార్పు: 1876

ఒట్టోమన్ తుర్కీ సామ్రాజ్యము 1865లో ఏ అభ్యంతరము చెప్పకుండ ఒడంబడికలో చేరింది. కష్టము యుద్ధము వచ్చినప్పుడు బయటపడింది. 1876లో బాల్కన్ ప్రాంతములో సెర్బియాతో యుద్ధము జరుగుచుండగా, సిలువ గుర్తు ముస్లిం సైనికుల మనసులను నొప్పిస్తున్నదనీ, తమ వైద్యులు ఇకమీదట ఎర్ర నెలవంకను ధరిస్తారనీ ఒట్టోమన్ ప్రభుత్వము తెలియజేసింది. అయితే శత్రువు ధరించే ఎర్ర సిలువను తాము గౌరవిస్తూనే ఉంటామని కూడా మాట ఇచ్చింది. 1877లో రష్యాతో యుద్ధము మొదలైనప్పుడు ఇరుపక్షములు ఒకరి గుర్తును ఒకరు గౌరవించే పద్ధతిమీద ఈ మార్పు తాత్కాలికముగా అంగీకరించబడింది.

క్రైస్తవ పాఠకులుగా మనము ఇక్కడ తొందరపడి తీర్పు తీర్చరాదు. 1095లో క్లెర్మాంట్ సభ తరువాత వేలాదిమంది యోధులు బట్టలమీద సిలువ గుర్తు కుట్టించుకొని కత్తులతో తూర్పునకు బయలుదేరారు. వారు కుట్టించుకున్న గుర్తు మన రక్షణ గుర్తే. కాని వారిని ఎదుర్కొన్న జనముల జ్ఞాపకములో అది దండయాత్ర గుర్తుగా నిలిచిపోయింది. ఇప్పుడు బాల్కన్ యుద్ధములో కూడా ఎదుటి సైన్యము క్రైస్తవ సైన్యమే. రక్తము కారుతూ పడియున్న ఒక ముస్లిం సిపాయికి తనవైపు వచ్చే సిలువ పట్టీ వైద్యుడుగా కనబడుతుందా, శత్రువుగా కనబడుతుందా? ఆ ప్రశ్నకు జెనీవాలో కూర్చున్నవారు జవాబు చెప్పలేరు, పడియున్నవాడే చెప్పగలడు.

3. ఒకటి మూడైన విధము

జపాను అనుభవము వేరుగా ఉన్నది. అక్కడ క్రైస్తవ్యమును నిషేధించే ప్రకటన పలకలు 1873 వరకు బహిరంగ స్థలములలో నిలిచియుండెను. 1877లో అంతర్యుద్ధ సమయములో సానో త్సునెతామి స్థాపించిన హకుఐషా అనే సహాయ సంఘము సిలువను పోలిన గుర్తును వాడలేక, ఎర్ర సూర్యబింబము, దాని కింద ఎర్ర గీత పెట్టుకున్నది. 1886లో జపాను జెనీవా ఒడంబడికలో చేరింది. 1887లో ఆ సంఘము జపాను రెడ్ క్రాస్ అనే పేరును, సిలువ గుర్తును స్వీకరించింది. కాబట్టి క్రైస్తవేతర దేశములన్నీ సిలువను తిరస్కరించాయనడము సరికాదు. మన దేశములో కూడా 1920 చట్టము ద్వారా ఏర్పడిన ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ స్వాతంత్ర్యము తరువాత కూడా అదే గుర్తును కొనసాగించింది.

పర్షియా మాత్రము తన జాతీయ గుర్తయిన సింహము, సూర్యుడు కావాలని కోరింది. 1929 జెనీవా ఒడంబడికలోని 19వ ప్రకరణము ఎర్ర నెలవంకను, ఎర్ర సింహ సూర్యులను అప్పటికే వాడుచున్న దేశములకు మాత్రమే అనుమతించింది. ఇంతటితో వరుస ఆగిపోవాలన్నది వారి తలంపు. 1935లో ఆఫ్ఘనిస్తాను ఎర్రని మిహ్రాబు, అనగా మసీదులోని కమాను ఆకారము, కావాలని అడుగగా అంగీకరించలేదు.

1949లో ఒడంబడికలను తిరిగి వ్రాసినప్పుడు ఇశ్రాయేలు దేశము ఎర్రని దావీదు డాలును గుర్తించమని కోరింది. ఆ దేశపు సహాయ సంస్థ మాగెన్ డేవిడ్ అడోమ్ 1930 నుండి ఆ గుర్తును వాడుచున్నది. ఓటింగులో 21 మంది అనుకూలముగా, 22 మంది ప్రతికూలముగా ఓటు వేశారు, ఏడుగురు తటస్థముగా ఉన్నారు. ఒక్క ఓటు! వ్యతిరేకించినవారి వాదము కొట్టివేయదగినది కాదు. ప్రతి దేశము తన మత చిహ్నమును కోరితే యుద్ధభూమిలో ఏ సిపాయి అన్నిటిని గుర్తుపట్టగలడు? గుర్తులు ఎక్కువైనకొలది కాపుదల తక్కువవుతుంది. కాని నెలవంకకు ఇచ్చినదానిని నక్షత్రమునకు ఇవ్వకపోవడములో న్యాయమేమిటి? రెండు వాదములలోను సత్యము ఉన్నది. అందుచేతనే ఈ చిక్కు ముడి మరో 56 సంవత్సరములు విడలేదు.

సమస్య ఇశ్రాయేలుది మాత్రమే కాదు. క్రైస్తవులు, ముస్లింలు కలిసి నివసించే ఎరిత్రియా సిలువను, నెలవంకను ప్రక్కప్రక్కన పెట్టుకోవాలని కోరింది. ఇరాను 1980లో సింహ సూర్యులను విడిచి నెలవంకను స్వీకరించింది. పేరు విషయములో కూడా ఆలస్యము తక్కువేమీ కాదు. 1919లో రెడ్ క్రాస్ సొసైటీల లీగ్‌గా ఏర్పడిన సమాఖ్య తన పేరులో రెడ్ క్రెసెంట్ అనే మాటను 1983లో గాని చేర్చుకోలేదు.

4. నాల్గవ గుర్తు: 2005

1992లో అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ అధ్యక్షుడు కార్నేలియో సొమ్మరూగా, ఏ మతమునకు, ఏ జాతికి చెందని అదనపు గుర్తు ఒకటి కావాలని బహిరంగముగా కోరాడు. మాగెన్ డేవిడ్ అడోమ్‌ను చేర్చుకోలేదన్న కారణముతో అమెరికన్ రెడ్ క్రాస్ 2000 నుండి సమాఖ్యకు తన చందా నిలిపివేసింది. అదే సంవత్సరము జరగవలసిన సమావేశము మధ్యప్రాచ్యములో చెలరేగిన హింస వలన వాయిదా పడింది.

చివరకు 2005 డిసెంబరు 8న జెనీవాలో మూడవ అదనపు ప్రోటోకాల్ 98 అనుకూల ఓట్లతో, 27 ప్రతికూల ఓట్లతో ఆమోదము పొందింది. పదిమంది తటస్థముగా ఉన్నారు. కొత్త గుర్తు తెల్లని నేలమీద కొనమీద నిలబెట్టిన చతురస్రపు ఎర్రని చట్రము. దానికి రెడ్ క్రిస్టల్, అనగా ఎర్ర స్ఫటికము అని పేరు వచ్చింది. 2006 జూన్ 22న మాగెన్ డేవిడ్ అడోమ్, పాలస్తీనా రెడ్ క్రెసెంట్ ఒకే దినమున సమాఖ్యలో చేర్చుకొనబడ్డాయి. 2007 జనవరి 14న ప్రోటోకాల్ అమలులోకి వచ్చింది.

ఈ మార్పులో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పాత గుర్తులను ఎవరి వద్దనుండి తీసివేయలేదు. అన్ని గుర్తులకు సమాన హోదా ఉన్నదని ప్రోటోకాల్ స్పష్టపరచింది. రెండవది, కొత్త చట్రము లోపల ఖాళీ ఉన్నది. ఒక సంస్థ తన గుర్తింపు కొరకు, నిబంధనలకు లోబడి, ఆ ఖాళీలో తన పాత గుర్తును ఉంచుకోవచ్చు. మూడవది, అంతర్జాతీయ కమిటీ తన సొంత పేరును, గుర్తును మార్చుకోలేదు. అవసరము ఉన్నచోట అవసరమైనంత మట్టుకే మార్చారు.

ఈ పరిష్కారము పరిపూర్ణమని చెప్పలేము. స్ఫటికమునకు కథ లేదు. సిలువకు, నెలవంకకు ఉన్నట్టు జనుల హృదయములలో దానికి చోటు లేదు. ఎవరినీ నొప్పించని గుర్తు ఎవరినీ కదిలించకపోవచ్చు. లోగో మార్చే ప్రతి సంస్థ ఈ నష్టమును కూడా లెక్కలో వేసుకోవాలి.

5. ఆ గుర్తు మనదేనా?

ఈ చరిత్ర చదువుచుండగా నన్ను సిగ్గుపరచిన సంగతి ఒకటి ఎదురైంది. భారతదేశము 1949 ఒడంబడికలను అమలుపరచుటకు 1960లో జెనీవా ఒడంబడికల చట్టము చేసింది. ఆ చట్టములోని 12వ విభాగము ప్రకారము కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేకుండ తెల్లని నేలమీద ఎర్ర సిలువను ఎవరును ఏ పనికిని వాడరాదు. వాడితే శిక్షార్హమైన నేరము. మన ఊళ్లలో డాక్టర్ల కార్ల మీద, మందుల షాపుల మీద, ప్రైవేటు ఆంబులెన్సుల మీద కనబడే ఎర్ర సిలువలన్నీ ఈ నిషేధము కిందికి వచ్చేవే. గుర్తు అందరి చేతుల్లో పడితే యుద్ధకాలములో దాని మాట ఎవరును నమ్మరు. అందుకే ఈ కట్టుబాటు.

అంటే "మన సిలువ" అని నేను ఏ గుర్తు కొరకు వాదించానో దానిని ఆ రంగులో, ఆ నేలమీద వాడే హక్కు మా సంస్థకు మొదటినుండి లేదు.

తరువాత మా పాత లోగో గీసిన పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన పదవీ విరమణ చేసిన డ్రాయింగు మాస్టారు. ఇంత వివాదము జరిగినా ఆయనను ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. సిలువకు ఎర్ర రంగు ఎందుకు వేశారని అడిగాను. ప్రభువు రక్తమునకు గురుతు అంటారని ఎదురుచూశాను. ఆయన నవ్వి, "ఆసుపత్రి బండి మీద చూసి వేశానండి అయ్యగారూ. సాయం చేసేవాళ్లమని దూరం నుంచే తెలియాలి గదా" అన్నారు. డ్యునాంట్ కాలపు అవసరమును ఆయన ఒక్క మాటలో చెప్పారు. ఆయన గీసినది సహాయమును సూచించే గుర్తు. మేము దానిని విశ్వాస ప్రమాణముగా మార్చి, దాని కొరకు ఇద్దరు సహోదరులను పోగొట్టుకున్నాము.

6. వాక్యపు వెలుగులో

యెహోషువ గ్రంథము 22వ అధ్యాయములో ఇటువంటి సంఘటన ఉన్నది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠము కట్టారు. అది తాము దేవుని ప్రజలమని తమ పిల్లలకు సాక్షిగా ఉండుటకు కట్టినది. అవతలి గోత్రములకు అది తిరుగుబాటుగా కనబడింది. వారు యుద్ధమునకు కూడుకున్నారు. అయితే ముందుగా ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించారు. కట్టినవారు తమ ఉద్దేశమును వివరించారు, విన్నవారు అంగీకరించారు, యుద్ధము ఆగిపోయింది. గుర్తు పెట్టినవాని మనసులోని అర్థము ఒకటి, చూచినవాని కంటికి తోచిన అర్థము మరొకటి. ఆ రెంటి మధ్య దూతలు నడిచారు కాబట్టి రక్తము చిందలేదు. మా కార్యవర్గములో ఫీనెహాసు లేకపోయాడు.

2 రాజులు 18:4 మరొక హెచ్చరిక ఇస్తున్నది. మోషే చేయించిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞచేతనే చేయబడినది, ప్రాణములు కాపాడినది. తరువాతి తరములు దానికి ధూపము వేశారు గనుక హిజ్కియా దానిని ముక్కలు చేయించాడు. కాపాడుటకు ఇయ్యబడిన గుర్తు పూజింపబడే వస్తువైనప్పుడు దాని పని ముగిసినట్టే.

అయితే ఇందునుబట్టి సిలువను దాచవలెనని నేను చెప్పడము లేదు. సంఘము సిలువను ప్రకటించుటకు పిలువబడింది. ఆలయ శిఖరముమీద, ప్రసంగ వేదికమీద, విశ్వాసి జీవితములో దాని స్థానము దానిదే. బియ్యము మోసే వ్యాను మీది గుర్తు పని వేరు. ఆకలిగొన్నవాడు నిర్భయముగా దగ్గరకు రావాలి. మంచి సమరయుని ఉపమానములో గాయపడినవానిని ఎత్తుకున్న మనుష్యుడు తాను ఎవరో ప్రకటించలేదు, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టాడు. చూచినవారికి అతడు ఎవరో తెలిసింది.

7. లోగో మార్చదలచిన సంస్థలకు సూచనలు

మన సంఘముల ఆధ్వర్యములో పాఠశాలలు, ఆసుపత్రులు, సహాయ సంస్థలు అనేకము ఉన్నవి. లోగో మార్పు ప్రస్తావన వచ్చినప్పుడు కాపరి సహజముగా మధ్యవర్తి అవుతాడు. అప్పుడు ఈ క్రింది ప్రశ్నలు అడుగుట మేలు.

మొదట, ఈ గుర్తును చూడవలసినవారు ఎవరు? దాతలా, సభ్యులా, సహాయము పొందేవారా? పొందేవారి అభిప్రాయము ఎవరైనా అడిగారా?

రెండవది, మార్పుకు కారణమేమిటి? సేవకు అడ్డు తొలగించుటకా, లేక మనము ఎవరమో చెప్పుకొనుటకు సిగ్గుపడియా? మొదటిది వివేకము, రెండవది బొంకు. పైకి రెండూ ఒక్కలాగే ఉండవచ్చు గనుక సభ్యులు తమ హృదయములను పరీక్షించుకోవాలి.

మూడవది, పాత గుర్తును పూర్తిగా తీసివేయాలా? స్ఫటికము లోపల ఖాళీ ఉంచినట్టు, పాతదానికి చోటు ఉంచవచ్చునా?

నాల్గవది, మన గుర్తు చట్టమునకు లోబడియున్నదా? ఎర్ర సిలువను వాడుచున్న క్రైస్తవ ఆసుపత్రులు, ఆంబులెన్సులు ఈ విషయమును వెంటనే సరిచూచుకోవాలి.

ఐదవది, మొదట గీసినవారిని, వ్యతిరేకించేవారిని పిలిచి మాట్లాడామా?

ముగింపు

1863లో తెల్లని పట్టీ మీద వేసిన సిలువ 1876లో నెలవంకకు, 1929లో సింహ సూర్యులకు, 2005లో ఖాళీ చట్రమునకు చోటిచ్చింది. ప్రతి మార్పు దగ్గర మూలము పోతుందని భయపడినవారు ఉన్నారు. కాని గాయపడినవానిని ఏ దేశమువాడని అడగకుండ ఎత్తుకోవడమనే మూలము పోలేదు. గుర్తు మారినచోట ఆ పని అదివరకు వెళ్లలేని స్థలమునకు వెళ్లగలిగింది.

మా సంస్థ చివరకు వ్యాను మీది గుర్తును మార్చింది. చాచిన రెండు చేతులు అలాగే ఉన్నాయి, వాటిలో అన్నపు గిన్నె ఉన్నది. సిలువ మా కార్యాలయపు ప్రార్థన గదిలో గోడమీద ఉన్నది, బయలుదేరే ముందు ప్రతి బృందము అక్కడ నిలిచి ప్రార్థిస్తుంది. రాజీనామా ఇచ్చిన ఇద్దరిలో ఒకరి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను, ఆయన తిరిగి వచ్చారు. రెండవవారు రాలేదు. ఆ వృద్ధురాలి ఊరికి కూడా మరల వెళ్లాము. ఆమె అప్పటికి లేదు.

దైవసేవకులారా, ఒక గుర్తు కొరకు వాదించే ముందు ఆ గుర్తు ఎవరి కొరకు పెట్టబడినదో వారి దగ్గరకు వెళ్లి అడగండి. నేను ఆ పని ఆలస్యముగా చేశాను.